కొత్త ఎడిషన్ వచ్చింది, పాత పుస్తకం ఏం చేయాలి?

పాచికల పెట్టె: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎడిషన్ల గొడవే. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చినవాటిలో అందరికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం. ఈ పేజీ మొదటిసారి చదువుతున్నవారికి ఒక మాట. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లంటే నలుగురైదుగురు కూర్చుని ఆడే కథల ఆటలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్, అంటే డీ అండ్ డీ, వాటిలో ఒకటి. డంజన్ మాస్టర్, అంటే డీఎం, కథ నడుపుతాడు. మిగతావారు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. తగిలిందా, తప్పిందా అన్నది డైస్, రూల్‌బుక్ కలిసి తేలుస్తాయి. ఆ రూల్‌బుక్‌ని పబ్లిషర్ కొన్నేళ్లకోసారి తిరగరాస్తాడు. గొడవంతా అక్కడే.

ప్రశ్న: మేం ఐదుగురం. ఒకడి దగ్గర 2014 నాటి డీ అండ్ డీ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఉంది, ఇంకొకడు 2024ది కొన్నాడు. రెండూ ఐదో ఎడిషనే అంటున్నారు. కలిపి ఆడొచ్చా? (బ్రాడీపేట, గుంటూరు)

ఆడొచ్చు. అయితే మంత్రాలు, పోరాటం నియమాలు అందరికీ ఒకే పుస్తకంలోవి ఉండాలి. 2024 పుస్తకాన్ని ఆధారంగా పెట్టుకుని, అందులో లేని జాతులు, సబ్‌క్లాసులు (పాత్ర వృత్తి క్లాస్, అందులో శాఖ సబ్‌క్లాస్) పాతదాంట్లోంచి తెచ్చుకుంటే పని నడుస్తుంది. అలా తెచ్చుకోవడం ఎలాగో కొత్త పుస్తకంలోనే చెప్పారు. తలకిందులుగా, 2014 నియమాల మీద కొత్త క్లాసులు ఎక్కిస్తే తూకం చెడుతుంది.

మొదటి తప్పు పాత్ర తయారీలోనే దొర్లుతుంది. 2014లో ఎబిలిటీ స్కోర్ల (బలం, తెలివి లాంటి లక్షణాల అంకెల) పెంపు జాతి నుంచి వస్తుంది. 2024లో అది బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పూర్వ జీవితం) నుంచి వస్తుంది: ఒకదానికి 2, ఇంకోదానికి 1, లేదా మూడింటికి తలా 1. పాత పుస్తకంలోంచి జాతినీ, కొత్తదాంట్లోంచి బ్యాక్‌గ్రౌండ్‌నీ తీసుకున్నవాడు రెండు చోట్లా కలుపుకుంటే, 3 రావలసిన చోట 6 వస్తాయి. ఒకటో లెవెల్‌లోనే వాడు మిగతా నలుగురినీ దాటిపోతాడు, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. కాబట్టి పాత జాతి తీసుకుంటే దాని పెంపు వదిలేయండి. పాత బ్యాక్‌గ్రౌండ్ తీసుకుంటే అందులో పెంపు ఉండదు, పైన చెప్పిన లెక్కన మీరే వేసుకుని ఒక ఆరిజిన్ ఫీట్ (మొదట్లోనే వచ్చే ప్రత్యేక సామర్థ్యం) కూడా కలుపుకోండి.

సబ్‌క్లాస్ ఏ పుస్తకంలోదైనా 3వ లెవెల్‌లోనే మొదలవ్వాలి. 2014లో క్లెరిక్, సోర్సరర్, వార్‌లాక్‌లకు ఒకటో లెవెల్‌లోనూ, విజర్డ్, డ్రూయిడ్‌లకు రెండో లెవెల్‌లోనూ వచ్చేది. అప్పుడొచ్చే శక్తులన్నీ ఇప్పుడు మూడు దాకా ఆగుతాయి.

అసలు వాదనలు లేచేది పేరు మారకుండా లోపల మాత్రం మారినవాటి దగ్గర. గాయాలు మాన్పే ‘క్యూర్ వూండ్స్’ మంత్రం పాతదాంట్లో ఒక డీ8 (ఎనిమిది ముఖాల డైస్), కొత్తదాంట్లో రెండు డీ8లు. మాడిఫయర్ (లక్షణం అంకె నుంచి వచ్చే కూడిక) కలపకముందే సగటు 4.5 నుంచి 9కి పెరిగింది. అవతలివాడి మంత్రాన్ని ఆపే ‘కౌంటర్‌స్పెల్’ మూడో స్థాయి దాకా ఉన్న మంత్రాలను పాతదాంట్లో నేరుగా కొట్టేసేది. కొత్తదాంట్లో అవతలివాడికి కాన్‌స్టిట్యూషన్ సేవ్ (దేహదారుఢ్యంతో తప్పించుకోవడానికి వేసే డైస్) ఉంది. పాలడిన్ ‘డివైన్ స్మైట్’ ఇప్పుడు బోనస్ యాక్షన్ (టర్న్‌లో ఒక్కటే దొరికే అదనపు పని) తినే మంత్రం, కాబట్టి టర్న్‌కు ఒక్కసారే. దొంగదెబ్బకు దొరికినవాడు పాతదాంట్లో మొదటి టర్న్ పోగొట్టుకునేవాడు, ఇప్పుడు ఇనీషియేటివ్‌లో (ఎవరి వంతు ముందో తేల్చే డైస్‌లో) డిస్అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం) పడుతుంది, అంతే. పట్టుకోవడం, అంటే గ్రాపుల్, ఇదివరకు ఇద్దరూ డైస్ వేసి తేల్చుకునేది. ఇప్పుడు పట్టుబడేవాడు సేవ్ వేస్తాడు, దాని అంకె 8కి పట్టేవాడి స్ట్రెంత్ మాడిఫయర్, లెవెల్‌తో పెరిగే ప్రొఫిషియెన్సీ బోనస్ కలిపితే వస్తుంది. అలసట పట్టిక పోయింది: ఒక్కో మెట్టుకు ప్రతి డీ20 (ఇరవై ముఖాల డైస్) పరీక్షలో 2 తగ్గుతుంది, నడకలో 5 అడుగులు తగ్గుతాయి, ఆరో మెట్టులో చావు. చావు మాత్రం రెండింట్లోనూ ఒకటే.

ఈ ఆరు సంగతులూ ఒక ఏ4 కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి బల్ల మధ్య పెట్టండి. లామినేషన్ ఎందుకంటే, మన ఎండల్లో చెమట చేతుల కింద ఉత్త కాగితం రెండు ఆటలకే నలిగిపోతుంది.

ఫైటర్, బార్బేరియన్, పాలడిన్, రేంజర్, రోగ్ ఆడేవాళ్లను మాత్రం తప్పనిసరిగా కొత్త పుస్తకానికి మార్చండి. 2024లో వీళ్లకు వెపన్ మాస్టరీ వచ్చింది. లాంగ్‌స్వోర్డ్ తగిలితే శత్రువు తర్వాతి దెబ్బకు డిస్అడ్వాంటేజ్, లాంగ్‌బో తగిలితే వేగం తగ్గడం, ఇలా. ఒకే బల్ల మీద ఒక ఫైటర్ పాతవాడు, ఒకడు కొత్తవాడు అయితే పాతవాడు రెండో ఆటకల్లా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు.

కథ ఇప్పటికే సగం నడిచి ఉంటే మధ్యలో మార్చొద్దు. ఒక ఘట్టం ముగిశాక, లెవెల్ పెరిగే చోట, అందరూ ఒకేసారి షీట్లు తిరగరాసుకోండి. ఒక్కొక్కరూ ఒక్కో వారం మారితే ఎవరి షీట్‌లో ఏ నియమం నడుస్తోందో డీఎంకే తెలియకుండా పోతుంది.

ప్రశ్న: కొత్త డీఎం గైడ్ లెక్క ప్రకారం ఒకటో లెవెల్ పాత్రలు నలుగురికి నాలుగు గాబ్లిన్‌లు (చిన్నపాటి రాక్షసులు) ‘తక్కువ’ కష్టం. తీరా ఆడితే ఇద్దరు పడిపోయారు. లెక్క తప్పానా? (పటమట, విజయవాడ)

మీ లెక్క సరైనదే. గాబ్లిన్ ఒక్కటికి 50 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు, కష్టాన్ని కొలిచేది వీటితోనే), నాలుగుకు 200. కొత్త గైడ్‌లో ఒకటో లెవెల్ పాత్రకు తక్కువ కష్టం 50, మధ్యస్థం 75, ఎక్కువ 100. నలుగురికి తక్కువ అంటే సరిగ్గా 200. ఇదే పోరాటాన్ని 2014 గైడ్‌లో వేయండి. అక్కడ మూడు నుంచి ఆరు దాకా శత్రువులుంటే మొత్తాన్ని రెండుతో గుణించాలి, 400 అవుతుంది. ఆ పుస్తకంలో నలుగురికి ‘ప్రాణాంతకం’ గీత కూడా 400 దగ్గరే ఉంది. అంటే పాత పుస్తకం ప్రాణాంతకం అన్న పోరాటాన్నే కొత్త పుస్తకం తక్కువ కష్టం అంటోంది. కొత్తదాంట్లో గుణకం తీసేశారు. ఆ గుణకం వల్ల పాత డీఎంలు లెక్కల్లో తడబడేవారు, పై లెవెళ్లలో అది కష్టాన్ని ఎక్కువ చేసి చూపించేది కూడా. తీసేయడం మంచిదే అని మా అభిప్రాయం, ఒకటో లెవెల్ తప్ప.

ఒకటో లెవెల్‌లో ఎందుకు దెబ్బతింటారో చూడండి. గాబ్లిన్‌కు దాడిలో 4 కలుస్తుంది. ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడానికి అందుకోవాల్సిన అంకె) 12 ఉన్న విజర్డ్‌ను, అంటే మాంత్రికుణ్ణి, కొట్టాలంటే డైస్ మీద 8 పడితే చాలు, నూటికి 65 సార్లు తగులుతుంది. దెబ్బ సగటు 5.5. నాలుగు గాబ్లిన్‌లూ ఒక్కడి మీదే పడితే రౌండ్‌కు సగటున 14 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) పోతాయి. విజర్డ్ దగ్గర ఉండేది ఏడో ఎనిమిదో. వీరిలో ఇద్దరు గాబ్లిన్‌లు ఇనీషియేటివ్‌లో ముందొచ్చినా వాడు నేల మీద పడొచ్చు.

కాబట్టి ఒకటి, రెండు లెవెళ్లలో పాత గుణకాన్ని జాగ్రత్త కోసం వాడుకోండి. లేదా రెండు గాబ్లిన్‌లతో మొదలుపెట్టి, మిగతా రెండింటినీ మూడో రౌండ్‌లో చెట్లచాటు నుంచి తీసుకురండి. దెబ్బలు నలుగురికీ పంచండి. గాబ్లిన్‌ల బొమ్మలు లేకపోతే: అంగుళం గడి గీసిన చార్ట్ మీద, గడికి 5 అడుగుల లెక్కన, చింతపిక్కలు సరిపోతాయి. కాగితం ముక్కలు పెట్టకండి, ఫ్యాన్ వేయగానే గాబ్లిన్‌లన్నీ మంచం కిందకు పోతాయి.

ప్రశ్న: ఇంటర్ పుస్తకాల సిలబస్ మార్చినట్టు, మళ్లీ కొనిపించడానికే కదా ఈ ఎడిషన్లు? (సత్యనారాయణపురం, విజయవాడ)

సగం నిజం. ఈ వ్యాపారంలో ఆటగాళ్లందరూ కొనేది ఒక్క ప్లేయర్స్ హ్యాండ్‌బుకే. మిగతా పుస్తకాలు ఎక్కువగా డీఎం ఒక్కడే కొంటాడు, అంటే ఐదుగురిలో ఒకడు. పుస్తకాలు పెరిగేకొద్దీ ఒక్కోటీ అమ్ముడుపోయేది తగ్గుతుంది. చివరికి మళ్లీ మొదటి పుస్తకం అమ్మడమే పబ్లిషర్‌కు మిగిలే దారి.

కానీ ఎడిషన్ మారడానికి కారణాలు అన్నిసార్లూ ఒకటి కావు, అది తెలిస్తే కొనాలా వద్దా అన్నది తేలిక. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డీ అండ్ డీని టీఎస్ఆర్ తెచ్చింది. 1989లో అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ రెండో ఎడిషన్ వచ్చింది. ఆ కంపెనీ 1990లలో ఒకదాని మీద ఒకటిగా కథా ప్రపంచాలు వేసింది. ఒక ప్రపంచం ఆడేవారు ఇంకోదాని పుస్తకాలు కొనలేదు, పాఠకులు ముక్కలైపోయారు. 1997లో టీఎస్ఆర్‌ను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ నిజమైన బాగు: ఒక్కో పనికి ఒక్కో రకం డైస్, ఒక్కో పట్టిక ఉన్న చోట, డీ20 వేసి బోనస్ కలిపి అంకె దాటాలి అన్న ఒకే సూత్రం పెట్టారు. దాంతోపాటు ఓపెన్ గేమ్ లైసెన్స్ (ఆ నియమాలను వేరేవాళ్లూ వాడుకోవచ్చన్న అనుమతి) ఇచ్చారు. సాహసగాథలు వేరేవాళ్లు రాసుకుంటారు, వాటికోసం జనం మన మూల పుస్తకం కొంటారు అన్నది లెక్క.

మూడేళ్లకే, 2003లో, 3.5 వచ్చింది. అందులో మంచి సవరణలున్నాయి. కానీ 3.0 కోసం పుస్తకాలు అచ్చేసుకున్న చిన్న పబ్లిషర్ల సరుకు గోడౌన్లలో ఉండిపోయింది. 2008 నాలుగో ఎడిషన్‌కు పాత ఓపెన్ లైసెన్స్ బదులు కట్టుబాట్లు ఎక్కువున్న కొత్త లైసెన్స్ పెట్టారు. అప్పుడు పైజో సంస్థ పాత లైసెన్స్ పట్టుకుని 3.5 నియమాలనే మెరుగుపరచి 2009లో పాత్‌ఫైండర్ తెచ్చింది. పాత ఎడిషన్‌ను వదలనివారు ఎంతమంది ఉన్నారో అప్పుడు తెలిసొచ్చింది.

మూడో రకం కారణం రూల్స్‌తో సంబంధం లేనిది. 2023 జనవరిలో ఆ ఓపెన్ లైసెన్స్‌ను పక్కనపెట్టి, ఏటా ఏడున్నర లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద రాయల్టీ అడిగే ముసాయిదా బయటపడింది. ఆటగాళ్లు తిరగబడ్డారు. నెలాఖరుకు, జనవరి 27న, విజార్డ్స్ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ నియమాల సారం ఎస్ఆర్‌డీ 5.1ని క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకోగల బహిరంగ లైసెన్స్) కింద విడుదల చేసింది. పైజో మాత్రం అదే ఏడాది నవంబరులో పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌ను రీమాస్టర్ పేరుతో మళ్లీ అచ్చేసింది. అలైన్‌మెంట్ (పాత్ర మంచిదో చెడ్డదో చెప్పే ముద్ర) తీసేశారు, మంత్రాల స్కూళ్లు తీసేశారు, ‘మ్యాజిక్ మిస్సైల్’ కాస్తా ‘ఫోర్స్ బారేజ్’ అయింది. పాత లైసెన్స్ నీడ లేకుండా బతకడమే ఆ మార్పుల్లో చాలావాటికి మూలం. 2019 పుస్తకం ఉన్నవారు కేవలం పేర్ల కోసం కొత్తది కొనక్కర్లేదు.

కాబట్టి కొత్త ఎడిషన్ ప్రకటన చూడగానే ఇది బల్ల దగ్గరి ఇబ్బంది తీర్చడానికా, అమ్మకానికా, లైసెన్సుకా అని అడగండి. సాధారణంగా మూడూ కలిసే ఉంటాయి, పాళ్లే తేడా. 2024 డీ అండ్ డీలో మొదటిది బాగానే ఉంది: యోధులకు పని పెరిగింది, పుస్తకంలో వెతుక్కోవడం తేలికైంది. కొత్తగా మొదలుపెట్టేవారు అదే కొనండి. 2014 పుస్తకంతో హాయిగా ఆడుతున్నవారు తొందరపడక్కర్లేదు.

ప్రశ్న: ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపులో ఒక డీ అండ్ డీ పుస్తకం దొరికింది. అందులో ‘థాకో’ అని ఉంది, ఆర్మర్ క్లాస్ తగ్గేకొద్దీ మంచిదట. ఇదేం లెక్క? (గవర్నర్‌పేట, విజయవాడ)

అది బహుశా 1989 నాటి రెండో ఎడిషన్ కుటుంబంలోది. ఆర్మర్ క్లాస్ సున్నా ఉన్నవాడిని కొట్టడానికి డైస్ మీద పడాల్సిన అంకె థాకో. దాంట్లోంచి శత్రువు ఆర్మర్ క్లాస్ తీసేస్తే మీకు కావలసిన అంకె వస్తుంది. థాకో 20, ఆర్మర్ క్లాస్ 4 అయితే 16 పడాలి. మైనస్ 2 అయితే 22, అంటే బోనస్ లేకపోతే డైస్ మీద 20 పడితే తప్ప తగలదు. ఇప్పటి పద్ధతిలోకి మార్చాలంటే రెండు తీసివేతలు చాలు: 20లోంచి పాత ఆర్మర్ క్లాస్ తీస్తే కొత్త ఆర్మర్ క్లాస్, 20లోంచి థాకో తీస్తే దాడి బోనస్. 4 కాస్తా 16 అయింది, థాకో 20 కాస్తా బోనస్ సున్నా అయింది. ఫలితం అదే.

రాక్షసుల హిట్ పాయింట్లు, దెబ్బలు మాత్రం ఈ లెక్కతో మారవు. పాత కథను ఐదో ఎడిషన్‌లో ఆడాలంటే అదే పేరున్న రాక్షసుణ్ణి కొత్త పుస్తకంలోంచి తీసుకోండి. మూడో ఎడిషన్ పుస్తకాలు కనబడితే అట్ట మీద 3.5 అని ఉందో లేదో చూసి మరీ కొనండి, లేనిది సాధారణంగా 2003కు ముందుది. అట్టలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

ప్రశ్న: కాల్ ఆఫ్ కథూలు పాత కథలు ఏడో ఎడిషన్‌తో ఆడొచ్చా? (లక్ష్మీపురం, గుంటూరు)

నిక్షేపంగా. 1981 నుంచి పబ్లిషర్ కేయాసియం ఈ భయానక కథల ఆట ఎముకల్ని కదపలేదు. మాకు నచ్చే పబ్లిషర్ పద్ధతి ఇదే. పాత లక్షణాల అంకెల్ని 5తో గుణించండి: స్ట్రెంత్ 13 అయితే 65. దాని పక్కన సగం 32, ఐదో వంతు 13 రాసుకోండి. నైపుణ్యాలు మొదటినుంచీ శాతాల్లోనే ఉన్నాయి, ముట్టుకోకండి. ఎడ్యుకేషన్ ఒక్కటి గుణిస్తే 100 దాటొచ్చు, 99 దగ్గర ఆపేయండి. హిట్ పాయింట్లలో భిన్నం వస్తే పాతదాంట్లో పైకి, కొత్తదాంట్లో కిందికి. రెసిస్టెన్స్ టేబుల్ (ఇద్దరి అంకెలు పోల్చే పాత పట్టిక) వాడమన్న చోటల్లా ఇద్దరూ డైస్ వేసి పోల్చుకోండి.

ప్రశ్న: డీ అండ్ డీ నియమాలు తెలుగులోకి తెచ్చి చిన్న పుస్తకంగా అమ్మాలనుంది. కేసు పడుతుందా? (అరండల్‌పేట, గుంటూరు)

దేన్ని అనువదిస్తున్నారన్నదాన్ని బట్టి. అంగడిలో అమ్మే ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌ను అనువదించి అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనే. ఎస్ఆర్‌డీ 5.1గానీ, 2025లో వచ్చిన 5.2గానీ తీసుకుంటే అనువదించొచ్చు, మార్చొచ్చు, అమ్మొచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, రాయల్టీ లేదు. షరతులు పాటించినంతకాలం ఆ లైసెన్స్‌ను వెనక్కి తీసుకోవడం కుదరదు. ఎస్ఆర్‌డీ మొదట్లో ఇచ్చిన, మూలం ఎవరిదో చెప్పే వాక్యం మీ పుస్తకంలో వేయాలి, మార్పులు చేశామని చెప్పాలి, వాళ్ల ఆమోదం ఉన్నట్టు కనబడకూడదు. అట్ట మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరు, లోగో వేయొద్దు. ‘ఐదో ఎడిషన్‌తో నడుస్తుంది’ అనడానికి ఇబ్బంది లేదు.

ఎస్ఆర్‌డీ అంటే మొత్తం పుస్తకం అనుకోకండి. పన్నెండు క్లాసులూ ఉంటాయి, కానీ ఒక్కో క్లాస్‌కు ఒకే సబ్‌క్లాస్. 5.1లో ఒకే బ్యాక్‌గ్రౌండ్, ఒకే ఫీట్. 5.2లో బ్యాక్‌గ్రౌండ్లు నాలుగు. మిగతావి మీరే సృష్టించుకోండి. కొండపల్లి కొయ్య పనివాడు, మిర్చి యార్డు దళారి, కృష్ణలో పడవ నడిపేవాడు లాంటి బ్యాక్‌గ్రౌండ్లు ఎవరి లైసెన్సూ అడగవు, మీ పుస్తకానికి సొంత ముఖమూ ఇస్తాయి.

అచ్చు దగ్గర ఒక ఇబ్బంది ముందే చెబుతాం. మీరు యూనికోడ్‌లో టైప్ చేసి ఇస్తారు, డీటీపీ షాపులో పాత పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు ఉంటాయి. మార్చినప్పుడు వత్తులు చెదురుతాయి. నియమాల పుస్తకంలో ఒక్క అంకె, ఒక్క అక్షరం తేడా వచ్చినా నియమమే మారిపోతుంది. మీరే పేజీలు కట్టి, ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఇవ్వండి. అమ్మకానికి కాకుండా ఇంట్లో వాడుకోడానికి ఎస్ఆర్‌డీ ప్రింట్ తీయించేవారికి: 5.2 ఇంగ్లిష్ ప్రతి 360 పేజీల పైచిలుకు, రెండు వైపులా వేయిస్తే 180 కాగితాల పైన. అంతా ఒకే స్పైరల్‌లో వేస్తే తిప్పడం కష్టం. పాత్రలు, మంత్రాలు ఒక భాగం, రాక్షసులు ఒక భాగం చేయించండి. రెండోది డీఎం దగ్గరే ఉంటుంది. సైజు 95 శాతానికి తగ్గించమనండి, లేకపోతే స్పైరల్ చిల్లులు అక్షరాలను తినేస్తాయి.

ప్రశ్న: ఇరవై ముఖాల డైస్ మా ఊళ్లో దొరకలేదు. మూడు మామూలు పాచికలు వేసి కలిపితే సరిపోదా? గవ్వలు? (భవానీపురం, విజయవాడ)

రెండూ వద్దు. డీ20 మీద 15 గానీ ఆ పైన గానీ పడే అవకాశం 30 శాతం. మూడు పాచికల మొత్తం 15 గానీ ఆ పైన గానీ రావడం 216లో 20 సార్లే, అంటే 9 శాతం. కష్టమైన దాడులన్నీ దాదాపు అసాధ్యమైపోతాయి, పైగా 19, 20 పడనే పడవు, 20 పడితే వచ్చే క్రిటికల్ దెబ్బే ఉండదు. ఐదు గవ్వలదీ అదే కథ: గవ్వ వెల్లకిలా, బోర్లా సమానంగా పడుతుందనుకున్నా 32లో 20 సార్లు రెండో మూడో వస్తాయి. నిజం గవ్వ సమానంగా పడదు కూడా.

ఒక సంచిలో 0 నుంచి 9 దాకా రాసిన పది చీటీలు, ఒక మామూలు పాచిక తీసుకోండి. చీటీ అంకె ఒకట్ల స్థానం, సున్నా వస్తే 10 అనుకోండి. పాచిక మీద 1, 2, 3 పడితే అంకె అలాగే, 4, 5, 6 పడితే 10 కలపండి. 1 నుంచి 20 దాకా అన్నీ సమానం. తీసిన చీటీ మళ్లీ సంచిలో వేసి కలపడం మరవకండి.

డైస్ తెప్పించుకున్నాక పరీక్షించాలంటే గోరువెచ్చని నీళ్లలో ఇక కరగనంత ఉప్పు కలిపి వేయండి. తేలిన డైస్‌ను వేలితో పదేపదే తిప్పి వదలండి. ప్రతిసారీ ఒకే ముఖం పైకి వస్తుంటే లోపల గాలి బుడగ ఉన్నట్టు. కొన్ని బరువు ప్లాస్టిక్‌లు, లోహపు డైస్ ఎంత ఉప్పేసినా తేలవు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.